లేత ఒంటి మీద నీలి మచ్చలు

కర్నూలులో చాలామందికి ఏసుమణి అంటే డెంగీ మేడమ్. వానలు పడి దోమలు లేచే నెలల్లో ఎవరింట్లో ఎవరికి ప్లేట్‌లెట్లు పడిపోయినా ఆమె ఫోన్ మోగుతుంది. "నలభై వేలకొచ్చినాయంట మేడమ్, ఏం చేయల్ల?" అని ఒకరు, "బొప్పాయి ఆకు రసం తాపిస్తాండాం, ఇంకేమన్నా ఉండాదా?" అని ఇంకొకరు. ఆమె విసుక్కోదు. ఎక్కడన్నా రక్తం కారుతోందా అని అడుగుతుంది, నీళ్లు బాగా తాగించమంటుంది, చూస్తున్న డాక్టరు మాట వినమని చెప్పి పెట్టేస్తుంది. నిజానికి ఆమె వైద్యం చేసే డాక్టరు కాదు. ఒక వైద్య కళాశాల రక్తనిధిలో ప్లేట్‌లెట్ల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన పెట్టకపోయేసరికి చెప్పడం మానేసింది.

ఆమెది ఆలూరు పక్కన పల్లె. అమ్మానాన్న వేరుశనగ చేలల్లో కూలికి పోయేవాళ్లు. చర్చివాళ్ల హాస్టల్లో ఉండి చదువుకుంది. అనంతపురంలో ఎమ్మెస్సీ అయ్యాక బెంగళూరులో పరిశోధనకు సీటు వచ్చింది. అక్కడి ప్రొఫెసర్ బసవరాజ్ బళ్లారి మనిషి. చేరిన మొదటి రోజే ఆయన ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి పెట్టాడు. అందులో పలచని గడ్డి రంగు ద్రవం.

"కిటికీ దగ్గరికి పోయి, వెలుతురుకు అడ్డంగా పెట్టి మెల్లగా నొక్కు" అన్నాడు.

నొక్కింది. లోపల పొగ సుడి తిరిగినట్టు, పట్టుచీర మడత విప్పినప్పుడు మెరిసినట్టు ఏదో కదిలింది. ప్లేట్‌లెట్లు ఆరోగ్యంగా ఉన్నంతకాలం పళ్లెంలా పలచగా ఉంటాయనీ, అందుకే వెలుతురు వాటి మీద అలా ఆడుతుందనీ, దెబ్బతింటే గుండ్రమైపోయి ఆ మెరుపు పోతుందనీ ఆయన చెప్పాడు. ఏసుమణి ఆ రోజు భోజనానికి పోవడం మరిచిపోయింది. ఆ తర్వాత ఆమెకు వేరే పని చేయాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఆమెను పట్టుకున్న ప్రశ్న ఒకటే. కొందరికి ఎన్ని సంచుల ప్లేట్‌లెట్లు ఎక్కించినా లెక్క పెరగదు. మరి ఎక్కించినవన్నీ ఎక్కడికి పోతున్నట్టు? వెతుకుతూ పోతే తెలిసిందేమిటంటే, రక్తానికి గ్రూపులున్నట్టే ప్లేట్‌లెట్లకూ పైన చిన్న చిన్న గుర్తులుంటాయి. అవి అమ్మానాన్నల నుంచి వస్తాయి. దాదాపు అందరికీ ఉండే గుర్తు ఒకటి ఏ కొద్దిమందికో ఉండదు. ఆ గుర్తు లేని మనిషి ఒంట్లోకి గుర్తున్న ప్లేట్‌లెట్లు వస్తే, ఒళ్లు వాటిని పరాయివనుకుని నాశనం చేస్తుంది. పుస్తకాల్లో ఉన్న సంగతే. కానీ మన సీమ మనుషుల్లో ఆ గుర్తు ఎందరికి లేదో ఎవరూ చూడలేదు.

చదువయ్యాక బెంగళూరులోనే ఉండమని బసవరాజ్ అన్నా వినకుండా ఏసుమణి కర్నూలు వచ్చింది. విరిగిన మంచాలు పడేసే గది ఒకటి ఖాళీ చేయించి ల్యాబు పెట్టుకుంది. పరిశోధనకు నిధులు అడిగితే రెండుసార్లు తిప్పి పంపారు. ఇలాంటి జబ్బు మీ జిల్లాలో అసలు ఎంతమందికి వస్తుందని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నేనని ఆమెకూ తెలుసు. ఎవరూ చూడలేదు కాబట్టి జవాబు లేదు. అందుకని డెంగీ మీద పని తీసుకుంది. దానికి మిషన్లు వచ్చాయి. ఆ మిషన్ల మీదే, రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లను అడిగి, వాళ్లు సరేనంటే, వాళ్ల ప్లేట్‌లెట్ల గుర్తులు కూడా చూడడం మొదలుపెట్టింది. ఆదోని కాలేజీ పిల్లలు, నంద్యాల లారీ డ్రైవర్లు, ఆలూరు చర్చిలో ఆరాధన అయ్యాక చొక్కా చేతులు మడిచి వరసలో కూర్చున్న రైతులు. అలా ఏళ్లు గడిచాయి. భర్త జయకుమార్ కల్లూరులో బడిపంతులు. "జనాలు పిల్లలకు సంబంధాలు చూస్తారు, మా ఆమె నెత్తురుకు చూస్తాది" అని స్టాఫ్‌రూములో చెప్పి నవ్విస్తుంటాడు. వేలమందిని చూసినా ఆ గుర్తు లేనివాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమందే దొరికారు. వాళ్లు దొరికి ఏం ప్రయోజనమో ఆమెకూ కచ్చితంగా తెలియదు. అయినా దొరికినప్పుడల్లా ఆ రోజంతా హుషారుగా ఉండేది.

జనవరిలో ఒక మధ్యాహ్నం కడప నుంచి డాక్టర్ మధులత ఫోన్ చేసింది. ఆమె అక్కడ కాన్పుల డాక్టరు. అంతకు ముందు తిరుపతిలో ఒక సభలో ఏసుమణి ఉపన్యాసం విన్నది, అప్పటి నుంచి పరిచయం.

"మేడమ్, రమణి అని ఒకమ్మాయి వచ్చింది. ఇప్పుడు నాలుగో నెల. మొదటి బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉన్నాడంట. రెండో రోజుకు ఒళ్లంతా నీలి మచ్చలు లేచినాయి. నాలుగో రోజు ఫిట్స్ వచ్చి పోయినాడు. తలలో రక్తం కారిందని రాసి ఉంది. ప్లేట్‌లెట్లు తొమ్మిది వేలు. కారణం ఎవరూ చెప్పలేదు. మీరు అప్పుడు చెప్పింది ఇదేనేమో అని అనుమానంగా ఉంది."

"మొగుడూ పెళ్లాలిద్దరి రక్తం పంపించు మధూ" అంది ఏసుమణి. "ఎవరిది ఏదో పైన సరిగ్గా రాయి."

మర్నాడు ఉదయం బస్సులో వచ్చిన పెట్టెను ఆమె తనే విప్పింది. పరీక్ష కష్టమైనదేం కాదు. రమణి రక్తంలోని పలచని నీటిని రమణి ప్లేట్‌లెట్లతోనే కలిపింది. ఏమీ కాలేదు. అదే నీటిని ఆమె భర్త ప్రవీణ్ ప్లేట్‌లెట్లతో కలిపితే మిషన్ మీద గీత నిలువునా లేచింది. పొరపాటేమోనని మళ్లీ చేసింది. మళ్లీ అంతే. ఏసుమణి కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఇన్నేళ్లుగా దూరం నుంచి వెతికిన మనిషి ఇన్నాళ్లకు తలుపు తట్టినట్టుంది. వెంటనే, చనిపోయిన బిడ్డ గుర్తొచ్చి, సంతోషపడినందుకు కొంచెం సిగ్గుపడింది.

వారం తిరగకుండా రమణి, ప్రవీణ్ ఇద్దరూ కర్నూలు వచ్చారు. ప్రవీణ్‌ది మైదుకూరు దగ్గర పల్లె, పసుపు పండించే కుటుంబం. రమణి పుట్టిల్లు ఖాజీపేట వైపు. ఇద్దరూ కుర్చీల అంచుల మీద కూర్చున్నారు.

ఏసుమణి నిదానంగా చెప్పింది. రమణి ప్లేట్‌లెట్లకు ఒక గుర్తు లేదు. ప్రవీణ్‌కు ఉంది. మొదటి బిడ్డకు అది తండ్రి నుంచి వచ్చింది. బిడ్డ ప్లేట్‌లెట్లను తల్లి ఒళ్లు పరాయివనుకుంది. వాటికి విరుగుడు తయారుచేసింది, అది మాయ దాటి పోయి వాటిని చంపింది. ప్లేట్‌లెట్లు లేకపోతే రక్తం గడ్డకట్టదు. ఊరికే పడుకోబెట్టినా లోపల కారుతుంది.

రమణి తల దించుకునే అడిగింది. "అంట్యా నా నెత్తురే మంచిది కాదా మేడమ్?"

"మంచిదే తల్లీ. నీ రక్తంలో జబ్బేమీ లేదు. వేలమందిలో ఒకరికి ఉండే రకం నీది. నాకు దొరకడమే గొప్ప" అంది ఏసుమణి. "ఈసారి ముందే తెలిసింది కదా. ఏం చేయాలో అన్నీ చేద్దాం."

ప్రవీణ్ ఇంకా తలుపు వైపే చూస్తున్నాడు. "మేడమ్, ఒకటి అడగల్ల. బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు గట్టిగా రుద్దితే అట్ల మచ్చలు వస్తాయా?"

"రావు. ఆ బిడ్డను పూలతో తాకినా వచ్చేవే. ఎందుకు అడుగుతున్నావు?"

అతను చెప్పలేక చెప్పాడు. మొదటి కాన్పు రమణి పుట్టింట్లో జరిగింది. బిడ్డకు నీళ్లు పోసింది రమణి అమ్మ సోమక్క. ఊళ్లో ఎవరికి బిడ్డ పుట్టినా ఆమెనే పిలిచేవాళ్లు. కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద వేసుకుని నూనె రుద్ది నీళ్లు పోయడంలో ఆమెకు మంచి పేరు. ఒళ్లంతా నీలి మచ్చలు చూసి, ముసలిది చేతులతో నలిపి బిడ్డను చంపిందని ప్రవీణ్ నాన్న పుల్లయ్య నలుగురిలో అన్నాడు. అది ఊరంతా పాకింది. అప్పటి నుంచి సోమక్క మళ్లీ ఏ బిడ్డనూ ముట్టుకోలేదు. ఎవరూ పిలవనూ లేదు. కూతురింటి గడపా తొక్కలేదు.

"మా నాయనను నేను అడ్డుకోలే మేడమ్" అన్నాడు ప్రవీణ్. "నాకూ అదే అనిపిచ్చింది అప్పుడు."

రమణి మొగుడి వైపు చూడలేదు. ఏడవనూ లేదు. ఆ రోజు ఇంటికి వెళ్లాక ఏసుమణి జయకుమార్‌తో ఆ అమ్మాయి ముఖం గురించే చెప్పింది.

ఆ తర్వాత నెలలు పనిలో గడిచిపోయాయి. మధులత హైదరాబాద్‌లోని పెద్ద డాక్టర్లతో మాట్లాడి రమణికి వారం వారం మందు ఎక్కించే ఏర్పాటు చేసింది. ఆ మందు కడుపులో ఉన్న బిడ్డకు కొంత రక్షణ. పుట్టాక మాత్రం ఆ గుర్తు లేని ప్లేట్‌లెట్లు చేతిలో సిద్ధంగా ఉండాలి. తల్లివి తీసుకోవచ్చుగానీ రమణికి రక్తం తక్కువ, పైగా ఆపరేషన్ కాన్పు. అప్పుడు ఏసుమణికి ఆలూరు నాగన్న గుర్తొచ్చాడు. గుర్తు లేనివాళ్లలో అతనొకడు. గ్రూపు కూడా కుదురుతుంది.

ఫోన్ చేస్తే నాగన్న పొలంలో ఉన్నాడు. "ఏం మేడమ్, బాగుండారా? అప్పుడెప్పుడో మా చర్చిలో నెత్తురు తీసుకున్యారు, మళ్లా మాటే లేదు. నాకేమన్నా జబ్బుండాదేమో, చెప్పల్యాక ఊరుకున్యారేమో అనుకుంటి."

"జబ్బేం లేదప్పా. నీ రక్తంతో ఒక పసిబిడ్డకు పనిపడింది. మే నెలలో రావాల్సి ఉంటుంది. రెండు గంటలు పడుకోవాలి."

"పడుకునే పనైతే నేనెందుకు రాను మేడమ్" అన్నాడు నాగన్న. "ఎండాకాలం ఈడ చేసేదేముండాది? నేను వస్తాండా."

చెప్పినట్టే వచ్చాడు. మిషన్ పక్కన మంచం మీద పడుకుని, తన చేతి నుంచి రక్తం బయటికి పోయి, పసుప్పచ్చటిది ఒక సంచిలో చేరి, మిగిలింది మళ్లీ తన చేతిలోకే రావడం చివరిదాకా వింతగా చూశాడు. "ఎవురి బిడ్డ మేడమ్?" అని అడిగాడు. ఆ వివరాలు చెప్పకూడదని ఏసుమణి అంటే, "సరే, ఎవురి బిడ్డైతే ఏం, బిడ్డే గదా" అన్నాడు. వాళ్లిచ్చిన మజ్జిగ తాగి మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. పరీక్షలన్నీ అయ్యాక సంచి సాయంత్రానికి ఊపే పెట్టె మీదికి చేరింది. ప్లేట్‌లెట్లు కదలకుండా పడి ఉంటే పాడవుతాయి కాబట్టి వాటిని రాత్రింబవళ్లు మెల్లగా ఊపుతూనే ఉంటారు.

రమణి మరుసటి రోజు కర్నూలు రావాలి. ఆపరేషన్ ఇక్కడే అనుకున్నారు. కానీ తెల్లవారి ఆరింటికే మధులత ఫోన్ వచ్చింది. రమణికి నొప్పులు మొదలయ్యాయి. నాలుగు గంటల దారి పంపడం మంచిది కాదు, తొమ్మిది పదింటికల్లా కడపలోనే ఆపరేషన్ చేసేస్తానంది.

"నువ్వు కానివ్వు. సంచి నేను తీసుకొస్తున్నా" అంది ఏసుమణి.

ఆమె ఫోన్ చేసి కాలేజీకి చేరేసరికి వ్యాను డ్రైవర్ భూపేష్ తయారుగా ఉన్నాడు. చేతిలో ఐసు గడ్డల డబ్బా. "ఎండ శానా ఉండాది మేడమ్. పాడైపోకుండా ఐసు తెచ్చినా."

"మంచి పని చేశావుగానీ దాన్ని మన తాగే నీళ్లకు ఉంచు భూపేష్. వీటికి ఎండా పడదు, చలీ పడదు. ఏసీ ఇరవై రెండులో పెట్టు, చాలు."

"మనుషుల కంటే సుకుమారంగా ఉండాయే" అన్నాడు అతను బండి తీస్తూ.

సంచి ఉన్న పెట్టెను ఏసుమణి ఒళ్లో పెట్టుకుంది. నంద్యాల దాటేసరికి ఎండ వ్యాను అద్దాల మీద చురచురలాడుతోంది. ఆళ్లగడ్డ, చాగలమర్రి. రోడ్డు పని జరుగుతున్న చోట బండి ఎగిరెగిరి పడితే భూపేష్ భయపడి వెనక్కి చూశాడు. "పోనీలే, ఈ ఊపు వాటికి మంచిదే" అందామె. ఆమెకు భయం లేకపోలేదు. ఇన్నేళ్లూ తన లెక్కలు కాగితాల మీద తప్పయితే చెరిపి మళ్లీ చేసుకుంది. ఇవాళ చెరపడానికి లేదు. దువ్వూరు దగ్గర ఆపి పెట్టె మూత తీసి, సంచిని వెలుతురుకు పట్టి మెల్లగా నొక్కింది. లోపల మెరుపు సుడి తిరిగింది. భూపేష్ టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మైదుకూరు దాటాక మధులత మెసేజ్ వచ్చింది. ఆడబిడ్డ. ప్లేట్‌లెట్లు పద్నాలుగు వేలు.

కడప ఆసుపత్రికి చేరేసరికి పన్నెండు కావస్తోంది. బిడ్డను పిల్లల వార్డులో గాజుపెట్టెలో పడుకోబెట్టారు. పొట్ట మీద, తొడల మీద అక్కడక్కడ నీలి చుక్కలు, సూది గుచ్చిన చోట కొంచెం పెద్ద మచ్చ. మొదటి బిడ్డ గురించి మధులత చెప్పిందంతా ఏసుమణి కళ్ల ముందు కదిలింది. తల స్కానింగ్ చేశారనీ, లోపల ఎక్కడా రక్తం కారలేదనీ మధులత చెప్పాక ఆమె పెట్టె మూత తీసింది. సంచి మీద వివరాలు ఇద్దరూ కలిసి సరిచూసుకున్నారు. నాగన్న ఇచ్చిన దాంట్లోంచి నర్సు కొంత చిన్న సిరంజిలోకి తీసి, బిడ్డ బొడ్డు నరానికి పెట్టిన సన్నని గొట్టంలోకి నెమ్మదిగా పంపించింది. ఎక్కించడం అరగంటలో అయిపోయింది. ఏసుమణి ఇరవై ఐదేళ్ల చదువు మొత్తం ఆ అరగంటలో ఇమిడింది.

గంట తర్వాత చూస్తే లెక్క డెబ్బై ఎనిమిది వేలు. సాయంత్రం మళ్లీ చూశారు. తగ్గలేదు. ఎక్కించినవాటికి ఆ గుర్తు లేదు కాబట్టి వాటిని నాశనం చేసేదేమీ లేదు. మధులత గట్టిగా ఊపిరి వదిలి, పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తుచేసుకుంది. ఇద్దరూ క్యాంటీన్‌లో ఉగ్గాని, బజ్జీలు తెప్పించుకుని, హాస్టల్ పిల్లల్లా ఒకే పళ్లెంలో తిన్నారు.

మర్నాడు ఉదయానికి లక్ష దగ్గరకొచ్చింది. ఏసుమణి ఈ మాట రమణికి చెప్పి వార్డులోంచి బయటికొస్తుంటే మెట్ల దగ్గర నేల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. ప్రవీణ్ తల్లిదండ్రులు ఇంకో చివర బెంచీ మీద ఉన్నారు. ఎవరో చెప్పనక్కరలేకపోయింది. ఏసుమణి వెళ్లి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది.

"సోమక్కా, నేను కర్నూలు నుంచి వచ్చినా. బిడ్డ బాగుంది."

"చెప్పినారమ్మా. పాప మొగం చూడల్లని వచ్చినా. చూసి పోతా. లోపలికి రానులే."

"నిన్న పొద్దున పుట్టిన బిడ్డకు మధ్యాహ్నానికే ఒంటి మీద మచ్చలున్నాయి. నేను చూసినా. అప్పటికి ఎవరూ నూనె రుద్దలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు." ఏసుమణి గొంతు తగ్గించలేదు. బెంచీ దాకా వినబడాలనే అంది. "మొదటి బిడ్డకు వచ్చిందీ ఇదే. కడుపులోనే మొదలైంది. నీ చేతులు చేసింది ఏమీ లేదు. అప్పుడు ఇది ఎవరికీ తెలియదు, అంతే."

"నేను మెల్లగానే పోస్తినమ్మా" అంది సోమక్క. "ఎప్పుడూ పోసినట్లే పోస్తి. నిజంగా గట్టిగా రుద్దితినేమోనని నాకే అనుమానం వచ్చేసినాది. అందరూ అంటాంటే అట్లే అనిపిస్తాది గదా."

ఆమె చేతులు కొంగులోంచి బయటికి వచ్చాయి. అప్పుడు ఏడ్చింది. ఏసుమణి కదలకుండా పక్కనే ఉంది.

పుల్లయ్య బెంచీ మీద నుంచి లేచాడు. తప్పు ఒప్పుకునే మాట అంత తేలిగ్గా వచ్చే మనిషి కాదు. కండువా భుజం మీంచి తీసి చేతికి చుట్టుకుని, మళ్లీ విప్పి, దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సోమక్కా, నేను అన్నది తప్పు. నలుగుర్లో అన్న్యా గదా, ఊరికి పోయినాంక నలుగుర్లోనే చెప్తా. నువ్వు ఇప్పుడు యాడికీ పోవద్దు. పాపను చూసుకునేదానికి రమణికి నువ్వే ఉండల్ల" అన్నాడు.

"ఉంటా, అన్నా" అంది సోమక్క. "ఆ మాట మాత్రం ఊర్లో చెప్పు."

"చెప్తా."

ఆ మధ్యాహ్నం మధులత అనుమతి ఇచ్చాక బిడ్డను మొదట అమ్మమ్మ చేతుల్లోనే పెట్టారు. సోమక్క ఎత్తుకున్న తీరు చూసి నర్సు మాట్లాడకుండా చేతులు వెనక్కి తీసుకుంది. ప్రవీణ్ రమణి మంచం పక్కన నిలబడి ఏదో చిన్నగా చెబుతున్నాడు. రమణి ఈసారి అతని వైపు చూసింది.

నెల తిరిగేసరికి బిడ్డ ఒంట్లో తల్లి నుంచి వచ్చిందంతా కరిగిపోయి, సొంత ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటాయి. పాపకు మహిమ అని పేరు పెట్టాలని ప్రవీణ్‌కు ఉండింది, ఏసుమణి కూతురి పేరని ఎవరో చెప్పారట. పేరు తనే పెడతానని రమణి ఒప్పుకోలేదు. సాహితి అని పెట్టుకున్నారు. ఈ సంగతి విని ఏసుమణి చాలాసేపు నవ్వింది.

ఈ కేసు మీద మధులత, ఏసుమణి కలిసి రాసిన వ్యాసం అచ్చయింది. మూడోసారి అడిగితే నిధులు వచ్చాయి. కర్నూలు, కడప రెండు చోట్లా కారణం తెలియకుండా బిడ్డలు పోయిన తల్లులను ఇప్పుడు పరీక్ష చేస్తున్నారు. రిటైరైన బసవరాజ్ బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "ఇంకా ఎన్ని ప్రశ్నలు మిగిలాయి?" అని అడిగితే, "ముందరి కంటే ఎక్కువే సార్" అంది ఆమె. అది ఫిర్యాదులా అనలేదు.

సాహితి పాలు మానాక ఒక రోజు రమణి ఒక్కతే బస్సెక్కి కర్నూలు వచ్చింది. ల్యాబు తలుపు దగ్గర చెప్పులు విప్పి లోపలికొచ్చి, కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"మేడమ్, నాలాంటి నెత్తురు శానా తక్కువ మందికి ఉంటాదంటిరి. ఇంకెవురికన్నా బిడ్డకు కావాల్సొస్తే నాది పనికొస్తాదా?"

"వస్తుంది. అందులోని విరుగుడు కడిగేసి ఇవ్వొచ్చు. ముందు నీ రక్తం ఎంతుందో చూడాలి."

"ఇప్పుడు బాగుండాది మేడమ్. మా అమ్మ రాగిసంకటి, పప్పాకు పెట్టి పెట్టి బలిపిచ్చినాది." రమణి అప్పటికే చేతి గాజులు పైకి తోసుకుంటోంది.

ఏసుమణి లేచి, తనే సూది తెచ్చింది.